కంపెనీ పాయింట్ల గదిలో ఆరు సీజన్లు

ఈ వేసవితో రేసు ట్రాక్ స్కోరింగ్ గదిలో నా ఉద్యోగం అయిపోయింది. వచ్చే నెల రెజైనాలో ప్రభుత్వ ఆఫీసులో చేరుతున్నాను. ఈ మాట చెప్పడానికి ఫోన్ చేస్తే మా గది పెద్ద మూర్తి అంకుల్, "ముప్పై నిండకుండానే రిటైర్మెంటా అమ్మా?" అని నవ్వారు. నవ్వి ఊరుకోలేదు. కొత్తగా వచ్చే పిల్లల కోసం ఏదైనా రాసిపెట్టి వెళ్ళమన్నారు.

"రూల్ బుక్కులో ఉన్నది రాయకు. అది వాళ్ళే చదువుకుంటారు. గదిలో ఏం జరిగిందో అది రాయి" అన్నారు.

నాకు మాట్లాడటం కన్నా రాయడం తేలిక. చిన్నప్పటి నుంచీ డైరీ రాస్తున్నాను. రేసుకీ రేసుకీ మధ్య ఖాళీ దొరికితే అందరూ బయటికెళ్ళి కార్లు చూసేవారు, నేను బల్ల దగ్గరే కూర్చుని నవల చదువుకునేదాన్ని. ఇలాంటి మనిషి కూడా ఈ పనికి పనికొస్తుందని చెప్పడానికైనా ఇది రాయాలనిపించింది.

చేరడం

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో కాలేజీ చదువుతూ, వారంలో మూడు రోజులు ఒక వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దుతుండేదాన్ని. నా రూమ్మేట్‌కి మూర్తి అంకుల్ దూరపు చుట్టం. కనాటాలో టెలికాం ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, వేసవి వారాంతాల్లో టూరింగ్ కార్ రేసులకు చీఫ్ స్కోరర్. ఒకసారి మా ఇంట్లో భోజనానికి వచ్చి, తన గదికి మనిషి కావాలన్నారు. మా రూమ్మేట్ ఉత్సాహంగా తను వస్తానంది. ఆయన నా వైపు చూశారు.

"నువ్వొద్దులే, నువ్వు రేసు చూస్తావు. ఈ అమ్మాయి ఇందాకటి నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. ఈమైతే రాస్తుంది."

మాట్లాడకపోవడం వల్ల నాకు ఉద్యోగం రావడం అదొక్కసారే. రెండు సీజన్లు పార్ట్‌టైమ్‌గా చేశాను, తర్వాత నాలుగు సీజన్లు అదే నా ఉద్యోగం.

టూరింగ్ కార్లంటే తెలియనివాళ్ళకు ఒక మాట. మనం రోడ్డు మీద చూసే మామూలు కార్లలాగే ఉంటాయి, లోపల మాత్రం రేసు కోసం అంతా మార్చేస్తారు. అందుకే కార్ల కంపెనీలకు ఈ రేసులంటే పట్టింపు. ఆదివారం మన కారు గెలిచిందంటే సోమవారం షోరూమ్‌లో దాని గురించి మాట్లాడుకుంటారని వాళ్ళ నమ్మకం. డ్రైవర్ల ఛాంపియన్‌షిప్ ఒకటుంటుంది, దానికి విడిగా తయారీ కంపెనీల ఛాంపియన్‌షిప్ ఇంకొకటి. మా గదిలో దాన్ని ఊరికే కంపెనీ పాయింట్లు అనేవాళ్ళం. తగాదాలన్నీ దాని దగ్గరే వచ్చేవి.

కప్పుల పాఠం

నేను చేరిన కొత్తలో ఒక ప్రైవేటు జట్టు యజమాని గదిలోకి దూసుకొచ్చాడు. తన కారు ఐదో స్థానంలో వచ్చిందనీ, కంపెనీ పట్టికలో దానికి సున్నా ఎందుకు వేశారనీ అడిగాడు. మూర్తి అంకుల్ జవాబు చెప్పకుండా, బల్ల మీదున్న కాఫీ కప్పులన్నీ వరసగా పెట్టారు. కొన్నిటికి ఎర్ర మూతలు, కొన్నిటికి నీలం మూతలు, ఒకటి రెండు తెల్లవి.

"ఇవి గెలిచిన వరసలో వచ్చాయనుకో. ప్రతి కంపెనీకీ ముందొచ్చిన రెండు కార్లే లెక్క. నీ రంగు కప్పులు నీ కన్నా ముందు రెండున్నాయి. నీది మూడోది." ఆ కప్పు తీసి బల్ల కింద పెట్టారు. వెనకున్న కప్పులన్నిటినీ ఒక్కో స్థానం ముందుకు జరిపారు. "ఇప్పుడు పాయింట్లు పంచుతాం. నువ్వు లేవు. నీ డ్రైవర్ పాయింట్లు నీకున్నాయి, వాటినెవరూ ముట్టుకోరు. కంపెనీ పట్టికలో మాత్రం నువ్వు లేవు."

ఆ మనిషి బల్ల కిందున్న కప్పు వంక కాసేపు చూసి, ఇక్కడికొచ్చింది కాఫీ తాగడానికే అన్నట్టు దాన్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

ఈ పద్ధతి అన్యాయమని చాలామంది డ్రైవర్లు అనడం విన్నాను. నా అభిప్రాయం వేరు. ఒక కంపెనీ ఎనిమిది కార్లు దింపగలదు, ఇంకో కంపెనీకి రెండే ఉంటాయి. అన్నీ లెక్కేస్తే కార్లు ఎక్కువున్నవాళ్ళే ప్రతి ఏడూ గెలుస్తారు. మూడో కారును తీసేసి వెనకవాళ్ళను ముందుకు జరిపితే, ఆ ఎనిమిది కార్లూ అడ్డంగా నిలబడి ఎదుటివాళ్ళ పాయింట్లు తినేయడం కుదరదు. ఇది రాసినవాళ్ళెవరో గానీ, బాగా ఆలోచించి రాశారు.

గదిలో కట్టుబాట్లు

మూర్తి అంకుల్ పెట్టిన కట్టుబాట్లు రెండు.

గదిలో ఎవరి పేరూ పలకకూడదు. డ్రైవర్లకు నంబర్లు, కంపెనీలకు రంగులు. నేనిక్కడ కూడా ఎర్ర కంపెనీ, నీలం కంపెనీ అనే రాస్తాను, అలవాటు పోలేదు. "పేరు నోట్లోకొస్తే మనసు అటు వంగుతుందమ్మా" అనేవారు.

రెండోది, కంప్యూటర్ ఏం చెప్పినా చివరి పట్టికను ఇద్దరు చేత్తో కట్టాలి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. కట్టాక రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టాలి. రెండూ కలిస్తేనే బయట బోర్డుకు అంటించాలి. కంప్యూటర్లతోనే బతికిన ఇంజనీరు ఈ మాట అనడం మొదట్లో నాకు వింతగా ఉండేది.

మా పై అధికారి, ఈ రేసులన్నీ నడిపే సీరీస్ డైరెక్టర్ గోర్డన్‌కు ఈ రెండో కట్టుబాటంటే చిరాకు. టీవీవాళ్ళు ఎదురుచూస్తుంటారు, గెలిచినవాళ్ళకు కప్పులివ్వాలి, వాన పడుతుంటుంది. ఆయన్ని చెడ్డవాడని అనను. జీతాలు సమయానికి పడ్డాయంటే, చలిలో మా గదికి హీటరొచ్చిందంటే ఆయన వల్లే. అయితే తొందర మనిషి. రేసు చూసేవాళ్ళు ఇంటి నుంచే పాయింట్లు చూసుకోవాలని, రేసు సాగుతుండగానే తెర మీద కంపెనీ పాయింట్లు కనిపించేలా ఏర్పాటు చేయించింది కూడా ఆయనే. ఆ లెక్క సూత్రాన్ని మూర్తి అంకుల్ రాసిచ్చారు. మూడు సీజన్లు అది ఒక్క పొరపాటూ లేకుండా నడిచింది.

డయాన్

నాకు కారు లేదు. కేంబ్రిడ్జ్ నుంచి ట్రాక్‌కి వారాంతాల్లో బస్సు లేదు. కేంబ్రిడ్జ్‌లోనే ఒక చిన్న మెకానిక్ షెడ్డు నడిపే డయాన్ తన వ్యాన్‌లో ఎక్కించుకునేది. యాభైకి దగ్గర్లో ఉంటుంది. ఇద్దరు మెకానిక్‌లను పెట్టుకుని, నీలం కంపెనీ కారు ఒకటి సొంతంగా కొనుక్కుని, తనే నడుపుతూ రేసులు చేసేది. దారి పొడవునా తనే మాట్లాడేది. నేను వినేదాన్ని. ఒకసారి నా సంచిలో పుస్తకం చూసి కథేమిటని అడిగితే, తడబడుతూ చెప్పడం మొదలుపెట్టాను. ట్రాక్ గేటు దాటి వ్యాన్ ఆపేసినా ఆమె దిగలేదు. "పూర్తి చెయ్, ఆమె ఊరు వదిలి వెళ్ళిందా లేదా?" అంది. కెనడాలో నన్ను అంతసేపు ఎవరైనా మాట్లాడనివ్వడం అదే మొదలు.

గది బయట ఆమె డయాన్. గదిలో ముప్పై ఒకటి.

నా నాలుగో సీజన్‌లో, ఆఖరి రేసుకు ముందు, నీలం కంపెనీ తన జట్లకొక మాట చెప్పింది. కంపెనీ ఛాంపియన్‌షిప్ గెలిస్తే వచ్చే ఏడు కూడా ఉంటామనీ, ప్రైవేటు జట్లకు కూడా ఇంజన్లూ విడిభాగాలూ ఇస్తామనీ అంది. గెలవకపోతే కెనడాలో రేసులు మానేస్తామంది. డయాన్ రేసులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. కంపెనీ సాయం లేకుండా పూర్తి సీజన్ చేయడం ఆమె వల్ల కాదు. మెకానిక్‌లలో ఒకరిని పంపేయాల్సి వస్తుందని వ్యాన్‌లో చెప్పింది. ఆ రోజు దారిలో ఇంకేమీ మాట్లాడలేదు.

ఆఖరి రేసు

ఎర్ర కంపెనీ ఏడు పాయింట్లతో ముందుంది. మొదటి స్థానానికి పది, తర్వాత ఎనిమిది, ఆరు, నాలుగు, మూడు, రెండు, ఒకటి.

ఆ రేసుకు ఒక ఎర్ర కారులో బయటి దేశం నుంచి గెస్ట్ డ్రైవర్ ఒకడొచ్చాడు. ఇలా ఒక్క రేసుకొచ్చే గెస్ట్ కార్లకు పాయింట్లుండవు. మా దగ్గరికి వచ్చే గెస్టులు ఎప్పుడూ వెనకబడే ఉండేవారు, వాళ్ళ గురించి ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. ఇతను మాత్రం మొదటి మలుపులోనే ముందుకెళ్ళి మళ్ళీ ఎవరికీ అందలేదు.

అతని వెనక నీలం కంపెనీ సొంత కారు, దాని వెనక ఎర్రది, తర్వాత తెల్లది, తర్వాత డయాన్. రేసు చివరికొస్తుండగా డయాన్ తెల్ల కారును దాటి నాలుగో స్థానంలోకి వచ్చింది. తెర మీద అంకెలు మారాయి. నీలం కంపెనీ ఒక్క పాయింటుతో ముందుకెళ్ళింది. గది అద్దంలోంచి నీలం గ్యారేజీలో మనుషులు ఎగరడం కనిపించింది. డయాన్ ముందున్న ఎర్ర కారు టైర్లు అరిగి జారుతోంది, ఆమె దాని వెనకే ఉంది. దాటేస్తుందనుకున్నాను. ఆమె వేగం తగ్గించుకుని అలాగే వచ్చి ముగించింది.

గెస్ట్, నీలం, ఎరుపు, డయాన్, తెలుపు, రెండో ఎరుపు. ఆ వరసలో రేసు అయిపోయింది.

గోర్డన్ గదిలోకి వచ్చి పట్టిక అంటించేయమన్నారు. వాన పెరుగుతోందనీ, కప్పులిచ్చే పోడియం దగ్గర అందరూ తడుస్తున్నారనీ అన్నారు. మూర్తి అంకుల్ చేతి లెక్క కాలేదన్నారు. తెర మీదున్నదే కదా, మూడేళ్ళుగా తప్పలేదు కదా అని గోర్డన్ అన్నారు. అంకుల్ ఒక్క క్షణం ఆగి, కంప్యూటర్ కాగితం మీద సంతకం చేసి ఇచ్చారు. "నువ్వు కట్టేస్తుండమ్మా, నేనిప్పుడే వస్తా" అని నాతో అని ఆయనతో పాటు కిందికి వెళ్ళారు.

పట్టిక అంటించాక అరగంట గడువుంటుంది. ఆలోగా అభ్యంతరం రాకపోతే, మేమూ దిద్దకపోతే, అదే ఖాయమైపోతుంది.

నేను కట్టాను. ముందు గెస్ట్ కారును కొట్టేశాను. మిగిలినవాటిలో ఒక్కో కంపెనీకి మొదటి రెండు కార్లు తీసుకున్నాను. నీలానికి పది, ఆరు. ఎరుపుకు ఎనిమిది, నాలుగు తెలుపుకు పోగా చివరి ఎర్ర కారుకు మూడు. అంటే ఆ రేసులో నీలానికి ఎక్కువ వచ్చింది ఐదే. ఏడు నిండలేదు. ఎర్ర కంపెనీ రెండు పాయింట్లతో గెలిచింది.

కంప్యూటర్ కాగితంలో ఆ చివరి ఎర్ర కారు లేదు. ఎందుకు లేదో కాసేపటికి అర్థమైంది. మా సూత్రం ముందు ప్రతి కంపెనీకీ రెండు కార్లు ఎంచుకుంటోంది, తర్వాత గెస్టులను తీసేస్తోంది. ఎరుపులో గెస్ట్‌నీ, దాని తర్వాతి కారునూ ఎంచుకుని, ఆ మీదట గెస్ట్‌ని తీసేసింది. చివరి ఎర్ర కారు మూడోదిగా అప్పటికే బల్ల కిందికి వెళ్ళిపోయింది. గెస్ట్ ముందు రానంత కాలం ఏది ముందు తీసినా ఒకటే. ఆ రోజు ఒకటి కాలేదు.

మళ్ళీ కట్టాను. రంగులు తారుమారు చేసి కట్టాను. నాకు నీలం గెలవాలని ఉంది కాబట్టి తప్పు చేస్తున్నానేమోనని కాదు. నాకు నీలం గెలవాలని ఉన్నా లెక్క ఇలా వస్తోందంటే, ఇదే నిజమై ఉంటుందనిపించి భయమేసింది.

ఎర్ర కంపెనీ వాళ్ళు అభ్యంతరం చెప్పలేదు. వాళ్ళూ తెరనే చూస్తున్నారు. ఆ ట్రాక్ మొత్తం మీద ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. రేడియోలో చెబితే అన్ని జట్లకూ వినపడుతుంది. నడిచి వెళ్ళి చెప్పాలి.

నడక

పోడియంకి దారి గ్యారేజీల ముందు నుంచే. డయాన్ మెకానిక్‌లు నన్ను చూసి చేతులూపారు. ఒకతను తడిసిన టోపీ తీసి నా తల మీద పెట్టాడు. వాళ్ళ సంతోషంలో నాకూ భాగముందని వాళ్ళు అనుకుంటున్నారు. కాగితం కోటు లోపల పెట్టుకుని నవ్వడానికి ప్రయత్నించాను. అంతమందిలోంచి నడవడం మామూలు రోజున కూడా నా వల్ల అయ్యేది కాదు.

మూర్తి అంకుల్ పోడియం వెనక గొడుగు కింద ఉన్నారు. కాగితం ఇచ్చాను. చదివారు.

"గెస్ట్‌ని ఎప్పుడు తీశావు?"

"ముందే తీశానంకుల్."

ఆయన మళ్ళీ చదవలేదు. "నేను చివర్న తీయించాను. మూడేళ్ళుగా" అన్నారు. కాగితం మడిచి, "పద" అన్నారు.

గోర్డన్‌తో ఆయనేం మాట్లాడారో నాకు వినపడలేదు. గోర్డన్ ముఖం మాత్రం చూశాను. అప్పటికే నీలం కంపెనీ మేనేజర్ చేతిలో ఛాంపియన్‌షిప్ కప్పుంది. మూర్తి అంకుల్ మైకు తీసుకున్నారు. పట్టిక తప్పనీ, లెక్క సూత్రం రాసింది తనేననీ, తప్పు తనదేననీ చెప్పారు. నా పేరెత్తలేదు. నన్ను పొగడలేదు. పొగిడితే ఆ జనమంతా నా వైపు తిరిగేవారని ఆయనకు తెలుసు. బాస్ అంటే ఇలా ఉండాలని నేను నేర్చుకున్నది ఆ రోజే. కప్పు వెనక్కి అడిగి తీసుకునే పని మాత్రం గోర్డన్ ఎవరికీ అప్పగించలేదు, తనే వెళ్ళారు. అదీ గుర్తుంచుకున్నాను.

ముప్పై ఒకటి

జనం వెళ్ళిపోయాక డయాన్ మా గదికి వచ్చింది. అరుస్తుందేమో అనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, లెక్క చూపించమంది. ఒక్కో కారూ చూపించాను. చివరిదాకా వేలితో చూసుకుంటూ వచ్చింది.

"సరిగ్గానే ఉంది" అంది. "నేను ఆ ఎర్ర కారును దాటి మూడో స్థానంలో వచ్చుంటే?"

ఆమె ఆ ప్రశ్న అడగకూడదనే కోరుకుంటూ ఉన్నాను. "గెలిచేవారు. రెండు పాయింట్లతో."

"దాటగలిగేదాన్ని. వాడికి టైర్లు అయిపోయాయి. మావాళ్ళు రేడియోలో నాలుగు చాలు, కారు జాగ్రత్తగా తెచ్చెయ్ అన్నారు. తెర చూసి చెప్పారు."

ఆ తెర మాది. మూర్తి అంకుల్ లేచి ఆమె ఎదురుగా నిలబడి, "మా వల్లే పోయింది డయాన్. నన్ను ఏమన్నా పడతాను" అన్నారు.

"మూర్తీ, నువ్వు కూర్చో ముందు. నీ మోకాలు నొప్పని నాకు తెలుసు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు కదా?"

"తెలిసేది కాదు."

"ఇంటికెలా వెళ్తావు?"

నేను బల్ల మీది కాగితాలు దొంతర పెట్టసాగాను. "వ్యాన్ అక్కడే ఉంది. త్వరగా సర్దుకో" అంది.

దారంతా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆమె నన్ను ఎక్కించుకుంది, అంతే. ఈ దేశం నాకిచ్చినవాటిలో ఆ ప్రయాణం కన్నా పెద్దది ఇంకేదైనా ఉందా అంటే వెంటనే చెప్పలేను.

తర్వాత

నీలం కంపెనీ చెప్పినట్టే వెళ్ళిపోయింది. డయాన్ ఒక మెకానిక్‌ను పంపేయాల్సి వచ్చింది. వేరే షెడ్డులో అతనికి పని తనే చూసిపెట్టింది. మరుసటి సీజన్‌లో సగం రేసులే చేసింది, పాత ఇంజన్‌తో. జరిగిన నష్టం జరిగింది, దాన్ని తక్కువ చేసి రాయను. లెక్క దిద్దినందుకు అందరికీ మంచే జరిగిందని చెబితే అది అబద్ధం.

మూర్తి అంకుల్ రాజీనామా ఇచ్చారు. గోర్డన్ తీసుకోలేదు. తెర మీద కంపెనీ పాయింట్లు మాత్రం తీసేయించారు. చేతి లెక్క అయ్యేదాకా ఏ కప్పూ ఎవరికీ ఇవ్వకూడదని రాయించారు. ఇప్పుడు జట్లవాళ్ళు వానలో నిలబడి మన గదిని తిట్టుకుంటున్నారంటే, కారణం ఇదే.

కొత్తవాళ్ళకు నేను చెప్పగలిగేది ఇంతే. గదిలో మీకెవరి మీద ఇష్టం ఉన్నా తప్పులేదు. ఆ ఇష్టాన్ని దాచుకోనక్కర్లేదు కూడా. లెక్క కట్టేటప్పుడు ఎవరంటే ఇష్టమో వాళ్ళకు విరుద్ధంగా ఒకసారి కట్టి చూసుకోండి. మీ పై అధికారి తప్పు చేస్తే, అందరిలో కాదు, ముందు ఆయనకు చెప్పండి. ఆయన మూర్తి అంకుల్ లాంటివారైతే మిగతాది ఆయనే చూసుకుంటారు. కాకపోతే మీ కష్టం మీదే, అప్పుడేం చేయాలో నాకూ తెలియదు. నా అదృష్టం కొద్దీ ఆ పరిస్థితి రాలేదు.

ఆ ఆఖరి రేసు తర్వాతి వసంతంలో, సీజన్ మొదటి రోజు డ్రైవర్ల సమావేశానికి ముందు డయాన్ గోర్డన్‌ని పట్టుకుంది. కంపెనీ పాయింట్లు ఎలా కడతారో డ్రైవర్లకు ఒక్కసారైనా వివరించాలని అడిగింది. ఎవరు చెప్పాలో కూడా తనే చెప్పింది. నేను వద్దన్నాను. మూర్తి అంకుల్ నా చేతిలో కాఫీ కప్పులు పెట్టి ముందుకు తోశారు.

అంతమంది ముందు నిలబడ్డాను. మొదటి మాటలు నాకే వినపడలేదు. కప్పులు వరసగా పెట్టి, గెస్ట్‌ని ముందు తీసి, మిగతావాటిని జరుపుతుంటే గొంతు కొంచెం కుదుటపడింది. అయిపోయిందనుకునేసరికి చివరి వరసలోంచి డయాన్ చెయ్యెత్తింది.

"ఒక అనుమానం. రేసు మధ్యలో ఎవరైనా మాకు నాలుగో స్థానం చాలని చెబితే నమ్మాలా?"

అందరికీ ఆ కథ తెలుసు. ఆమె నవ్వడం లేదు, కోపంగానూ లేదు. నా జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"నమ్మకండి" అన్నాను. నా గొంతు చివరి వరసదాకా వెళ్ళింది. "దాటగలిగితే దాటండి. చాలుతుందా లేదా అన్నది మేం తర్వాత చెబుతాం."

ముందు నవ్వింది డయానే.